జావా రాని ఆపా

పోయిన నెల ఒక మధ్యాహ్నం తెలియని నంబరు నుంచి ఫోన్ వచ్చింది. అవతల ఎవరో పెద్దాయన గొంతు సవరించుకుని, "సత్యవేడు తంబీ మీరేనా?" అని అడిగాడు.

నన్ను అట్లా పిలిచే మనిషి ఒక్కతే. ఆ పిలుపు ఇంకొకరి నోట వినపడేసరికే సంగతి తెలిసిపోయింది.

"మా అక్క ఫోన్లో మీ పేరు అట్లే ఉండాది సార్. అసలు పేరు మాకు తెలీదు. ఏమీ అనుకోవద్దండి," అన్నాడాయన. ఆపా పోయి అప్పటికి మూడు రోజులయిందట. చిత్తూరులో తన ఇంట్లోనే, పొద్దుటి నమాజు అయ్యాక కూర్చున్న చోటే ఒరిగిపోయిందట. ఆస్పత్రికి పోయే అవసరం కూడా రాలేదని, అదొక అదృష్టమన్నట్టు చెప్పాడు.

ఆపా అంటే ఉర్దూలో అక్క. మా ఆఫీసులో అందరికీ ఆమె ఆపాయే. వయసులో ఆమెకంటే పెద్దవాడైన మా సారు కూడా అట్లాగే పిలిచేవాడు. తిరుపతిలో ఒక చెప్పుల షాపు మీద మేడలో రెండు గదుల ఆఫీసు మాది. చుట్టుపక్కల ఫ్యాక్టరీలకు, కాలేజీలకు జావాలో ప్రోగ్రాములు రాసిచ్చేవాళ్లం. అందులో జావా రాని మనిషి ఆపా ఒక్కతే. ఆ మాట ఇంకెవరూ అనకముందే ఆమే అనేసేది.

"నాకు రాగి జావ వస్తాది. మీ జావా రాదు. కానీ చదివేది వచ్చు. రాసింది సరిగా ఉండాదా లేదా సూసేది వచ్చు."

అది గొప్పకు అన్న మాట కాదు. మా దగ్గరికి రాకముందు ఆమె చిత్తూరులో ఒక ప్రింటింగ్ ప్రెస్సులో ఇరవై ఏళ్లు పనిచేసింది. సీసం అక్షరాలు పేర్చే కాలం నుంచి కంప్యూటర్ మీద పెళ్లిపత్రికలు కూర్చే కాలం దాకా, తెలుగు కానీ ఉర్దూ కానీ అరవం కానీ, ఆ ప్రెస్సులో ఏ కాగితమైనా ఆమె కన్ను పడకుండా బయటికి పోయేది కాదు. ప్రెస్సు మూతపడ్డాక టైపింగు పనికని మా ఆఫీసుకు వచ్చింది. ఏడాది తిరక్కుండా ఒక ఫైలు ఆమె సొంతమయింది.

ఆ ఫైలు సంగతి కొంచెం చెప్పాలి. వెబ్ ప్రోగ్రాం రాసేటప్పుడు ఎవరూ అంతా మొదటి నుంచి రాయరు. ముందే ఎవరో కట్టిపెట్టిన చట్రం ఒకటి తీసుకుంటారు. దాన్ని ఫ్రేమ్‌వర్క్ అంటారు. ఆ చట్రానికి మన సంగతులు చెప్పాలి. ఏ బటన్ నొక్కితే ఏ కోడ్ నడవాలి, ఆ తర్వాత ఏ పేజీ రావాలి, ఏది ఎంతసేపు ఆగాలి, ఇట్లాంటివి. అట్లా చెప్పడమే కాన్ఫిగరేషన్. అప్పట్లో మేం వాడింది స్ట్రట్స్ అనే పాత ఫ్రేమ్‌వర్క్. అందులో ఈ సంగతులన్నీ జావా కోడ్‌లో కాకుండా, పక్కన ఒక ఎక్స్‌ఎమ్‌ఎల్ ఫైల్లో రాయాలి. అవి మామూలు అక్షరాలే. ఒక గుర్తుతో తెరిచిన ప్రతిదాన్నీ ఇంకో గుర్తుతో మూయాలి, అంతే నియమం. కోడ్ రాని మనిషి కూడా ఓపికుంటే చదవొచ్చు. మా ఆఫీసులో ఆ ఓపిక ఉన్నది ఆపాకే.

ఆమె చదివే తీరే వేరు. ఫైలంతా కాగితాల మీద ప్రింటు తీసేది. కొంగు తలమీదికి లాక్కుని, స్టీలు స్కేలు ఒక్కో లైను కింద ఆనించి, పెదవులు కదిలిస్తూ పోయేది. తప్పు కనిపిస్తే ఎర్ర పెన్నుతో పక్కన మార్జిన్‌లో గుర్తు పెట్టేది. మధ్యలో ఎవరైనా పిలిస్తే తలెత్తకుండా ఎడమ చెయ్యి ఎత్తేది. స్కేలు లైను దాటేదాకా ఆ చెయ్యి దిగేది కాదు.

నేను చెన్నైలో రెండేళ్లు పనిచేసి ఈ ఆఫీసులో చేరిన మొదటి వారంలోనే ఆ స్కేలు మహిమ చూశాను. నేనేదో మార్చాను, ప్రోగ్రాం మొత్తం లేవడం మానేసింది. పొద్దున్నుంచి నా కోడంతా తవ్వుతున్నాను. భోజనం వేళకు ఆపా వచ్చి నా వెనక నిలబడింది.

"ఏ ఊరు నాయనా మీది?"

"సత్యవేడు ఆపా."

"అట్లయితే తంబీనే. అరవనాడు పక్కనే గదా. ఆ ఫైలు ప్రింటు తియ్యి తంబీ."

తీసిచ్చాను. పది నిమిషాల్లో స్కేలు ఒక చోట ఆగింది.

"ఈడ తెరిచినావు. యాడ మూసినావు?"

మూయలేదు. ఆ రోజు ఆమె కాళ్లకు మొక్కాలనిపించింది. ఆరు నెలలు పోయాక అదే ఎర్ర పెన్ను చూస్తే ఒళ్లు మండేది. నేను రాసింది ఏదైనా ఆ ఫైల్లో చేరితే, మరుసటి రోజు ఎర్రగీతల కాగితం ఒకటి నా టేబుల్ మీద, అందరికీ కనబడేటట్టు, స్టాప్లరు కింద పెట్టి ఉండేది. ఆమె మనసులో నన్ను చిన్నబుచ్చాలని లేదని తెలుసు. ప్రెస్సులో ప్రూఫు అట్లాగే పెడతారు. తెలిసినా మండేది.

ఆమెకు ఇంకో అలవాటు. ఫైల్లో ఉన్న ప్రతి అంకె పక్కన, ప్రోగ్రాం పట్టించుకోని గుర్తుల మధ్య, ఆ అంకె ఎందుకు అట్లా ఉందో తెలుగులో రాసిపెట్టేది. 'పన్నెండు గంటలు. ఐరాల వైపు కాయ కోసి లోడు వచ్చేదానికి ఆరు, గేటు కాడ వరసలో ఆరు.' ఇంకో చోట, 'శుక్రవారం ఒంటిగంట నుంచి రెండు దాకా గేటు నిలపాల. తూకం ఆయన మసీదుకు పోతాడు.'

"ఎంత అనేది ఎవురికైనా కనిపిస్తాది," అనేది. "ఎందుకు అనేది రాయి. రేపు నువ్వుండవు, నేనుండను."

ఆ అంకెలు చిత్తూరు దగ్గరి ఒక మామిడి గుజ్జు ఫ్యాక్టరీవి. సీజన్లో తోతాపురి కాయలతో ట్రాక్టర్లు ఆ గేటు ముందు బారులు తీరేవి. అందరూ ఒక్కసారే వచ్చి రోడ్డు మీద పడిగాపులు పడకుండా, రైతుల ఫోన్లకు టోకెన్లు పంపే ప్రోగ్రాం మేం రాశాం. టోకెన్ అందిన రైతు పన్నెండు గంటల్లో గేటు దాటాలి. దాటకపోతే ఆ టోకెన్ దానంతటదే రద్దయి, తర్వాతి ఊరి రైతుకు పోతుంది. ఎన్ని గంటలు, గంటకు ఎన్ని లోడ్లు, ఏ రోజు ఏ వైపు ఊళ్లు, అన్నీ ఆపా ఫైల్లోనే. ఫ్యాక్టరీలో తూకం చూసే ఆయన ఫోన్ చేసి, "ఆపా, ఈ పొద్దు మిషను నిదానంగా పోతాండాది," అంటే ఆమె ఒక అంకె మార్చి, ఎందుకో పక్కన రాసి, ప్రోగ్రాంను నిలిపి మళ్లీ నడిపేది. ఐదు నిమిషాల పని. ఆ ఐదు నిమిషాల్లో తూకం ఆయన పిల్లల చదువులు, మోకాళ్ల నొప్పి కూడా విచారించేది.

నేను చేరిన రెండో ఏడాది, ప్రోగ్రాంను కొత్త ఫ్రేమ్‌వర్క్‌లోకి మార్చాలని సారు అనుకున్నాడు. ఏది మంచిదో పోల్చి చెప్పమని నాకు అప్పగించాడు. వారం కూర్చుని తయారయ్యాను. గోడ మీది తెల్లబోర్డును మూడు భాగాలు చేశాను. మొదటి దాంట్లో మేం వాడుతున్న స్ట్రట్స్. అంతా మనమే చెప్పాలి, అదీ వేరే ఫైల్లో. కోడ్‌లో ఒక పేరు మార్చి ఫైల్లో మరిచిపోతే, ఆ తప్పు ప్రోగ్రాం నడిచేటప్పుడు కానీ బయటపడదు. రెండో దాంట్లో స్ప్రింగ్, దాని పాత పద్ధతిలో. అది ఇంకా ఒద్దికైనది, కోడ్‌లో ఏ ముక్కకు ఏ ముక్క అందాలో అదే చూసుకుని అందిస్తుంది, కానీ ఆ చెప్పడం మళ్లీ ఎక్స్‌ఎమ్‌ఎల్లోనే. మూడో దాంట్లో స్ప్రింగ్ బూట్. ఇందులో కోడ్ నెత్తిన ఒక చిన్న గుర్తు పెడితే చాలు, అదేం కోడో ఫ్రేమ్‌వర్కే తెలుసుకుంటుంది. మనం ఏమీ చెప్పకపోతే, మామూలుగా అందరూ చేసేదే మనకూ కావాలని అనుకుని నడిచిపోతుంది.

మా ఫైలు రెండువేల లైన్ల పైమాట. మూడో భాగంలో పెద్ద సున్నా రాసి, కింద రెండు గీతలు గీశాను.

ఆపా వెనక కుర్చీలో కూర్చుని అంతా విన్నది. తర్వాత చెయ్యెత్తింది.

"అదే అనుకుంటాది అంటాండావు గదా తంబీ. అది ఏమనుకునిందో మనకెట్ల తెలుస్తాది?"

"అలవాటైతే తెలిసిపోతాది ఆపా."

"అలవాటు లేనోళ్లకు?"

"అలవాటు లేనోళ్లు దాని జోలికే పోరు గదా."

ఎవరో నవ్వారు. ఆపా నవ్వలేదు, నొచ్చుకున్నట్టూ కనబడలేదు. లేచి బోర్డు దగ్గరికి వచ్చింది.

"ఏ బటనుకు ఏ కోడు అనేది నీ సంగతి. అది నీ కోడులోనే పెట్టుకో. ఫైల్లోంచి అదంతా పోతే నాకూ సుకమే, సూసి సూసి కండ్లు పోయినాయి. గంటలు, లోడ్లు, శుక్రవారం, ఇవి వాళ్ల సంగతులు. అవి మాత్రం బయట పెట్టు."

ఆ తర్వాత ఈ పదేళ్లలో ఫ్రేమ్‌వర్క్‌ల మీద ఎన్నో పుస్తకాలు చదివాను, ఎన్నో ఉపన్యాసాలు విన్నాను. కాన్ఫిగరేషన్ ఎక్కడ ఉండాలనే దాని మీద ఇంతకంటే తేటగా చెప్పినవాళ్లు లేరు. ఆ రోజు నేనన్నది ఇది.

"అవీ కోడ్‌లోనే ఉంటాయి ఆపా. మార్చాలంటే నాకు చెప్పండి, మారుస్తా."

"నువ్వు లేని రోజు?"

"యాడికి పోతాను? ఉంటా."

ఇక్కడ దాచకుండా చెప్పాల్సింది ఒకటుంది. కొత్త ఫ్రేమ్‌వర్క్‌లో కూడా అట్లాంటి ఫైలు ఉంది. రెండువేల లైన్లు అక్కర్లేదు, పది ఇరవై లైన్ల చిన్న ఫైలు. మారే అంకెల్ని కోడ్ బయట పెట్టుకోవడానికే దాన్ని ఇచ్చారు. అది నాకు తెలుసు. ఆపా బోర్డు దగ్గర నిలబడి అడిగినప్పుడు ఆ సంగతి రాసిన పేజీ నా ల్యాప్‌టాప్‌లో తెరిచే ఉంది. బోర్డు మీద దానికి చోటివ్వలేదు. ఇస్తే మళ్లీ ప్రింటు, స్కేలు, ఎర్ర పెన్ను. నా పని నా ఒక్కడి చేతిలో ఉండాలనుకున్నాను. ఆపా సారు వైపు చూసింది. సారు బోర్డు మీది సున్నా వైపు చూశాడు.

మూడు నెలల్లో మార్చేశాను. ప్రోగ్రాం చురుగ్గా నడిచింది. ఆపాకు ఫోన్లు ఎత్తే పని, పేజీలు తెరిచి సరిగా వస్తున్నాయా అని చూసే పని మిగిలాయి. పొద్దున రాగానే ఆ రోజు టోకెన్ల జాబితా మాత్రం ప్రింటు తీసుకునేది.

"ఎందుకాపా, స్క్రీన్ మీద ఉండాది గదా?"

"ఉండాది. నా చేతిలో కూడా ఉండనీ."

శుక్రవారం గంటసేపు గేటు నిలపడాన్ని నేను కొత్త కోడ్‌లో చేర్చకుండా వదిలేశాను. ఎందుకో అర్థంకాని నియమంలా కనిపించింది. ఎందుకో రాసి ఉన్న ఫైలును నేనే తీసేశానని గుర్తు రాలేదు. తూకం ఆయన ఫోన్ చేశాడని ఆపా చెప్పింది. రేపు చేస్తానన్నాను. మళ్లీ చెప్పింది. ఎనిమిదో రోజుకు చేశాను.

మరుసటి సీజన్లో మా అమ్మకు మొక్కు ఉంటే ఒక రోజు సెలవు పెట్టాను. అలిపిరి నుంచి మెట్లెక్కి, మధ్యాహ్నానికి కొండ మీదికి చేరాం. క్యూలోకి పోయే ముందు అందరిలాగే ఫోన్ కౌంటర్లో ఇచ్చేశాను. దర్శనమై బయటికి వచ్చేసరికి తెల్లవారింది. ఫోన్ తీసుకుని చూస్తే ఆఫీసు నుంచి నలభైకి పైగా కాల్స్.

నేను క్యూలో ఉన్నప్పుడు జరిగింది ఇది. ఫ్యాక్టరీలో బాయిలర్ చెడింది. లోపలికి లోడు పోవడం ఆగింది. టోకెన్ ఉన్న ట్రాక్టర్లు గేటు ముందే నిలబడిపోయాయి. ఇదంతా ప్రోగ్రాంకు తెలియదు. పన్నెండు గంటలు నిండిన టోకెన్‌ను నిండినట్టే రద్దు చేస్తూ, తర్వాతి ఊళ్లకు కొత్త టోకెన్లు పంపుతూ పోయింది. వరసలో ముందున్న రైతు ఫోన్‌కు రద్దయిందని మెసేజ్. వెనక నుంచి కొత్త టోకెన్లతో ఇంకో బారు. గేటు దగ్గర అరుపులు, తోపులాట. తూకం ఆయన అలవాటుగా ఆపాకు ఫోన్ చేశాడు. పన్నెండును ముప్పైఆరు చేస్తే చాలు. ఆ పన్నెండు నా కోడ్‌లో ఉంది. కోడ్ నా ల్యాప్‌టాప్‌లో ఉంది. ల్యాప్‌టాప్ మా ఇంట్లో తాళం వేసిన బీరువాలో ఉంది. సారు కోడ్ రాయడం మానేసి చాలా ఏళ్లయింది.

ఆపా నా నంబరుకు చేసి చేసి, చివరికి సారు గదిలోకి పోయిందట.

"ప్రోగ్రాం నిలిపేయండి సార్. అది మన మాట వినేటట్టు లేదు. నేను పోతాండాను."

"యాడికాపా?"

"గేటు కాడికి."

పొద్దున తీసిన జాబితా బ్యాగులో పెట్టుకుని బస్సెక్కింది. మిగతాది తూకం ఆయన నాకు తర్వాత చెప్పాడు. గేటు పక్కన ప్లాస్టిక్ కుర్చీ వేయించుకుంది. అట్టపెట్టెలు చింపించి ముక్కలు చేయించింది. జాబితాలో ఉన్న వరసలో ఒక్కో రైతునూ పేరు పెట్టి పిలిచి, అట్టముక్క మీద నంబరు వేసి, కింద ఉర్దూలో సంతకం చేసి ఇచ్చింది, ఇంకెవరూ దొంగగా రాసుకోలేకుండా. ఒక ట్రాక్టరు ఆయన ఎదురు తిరిగాడట.

"నువ్వెవురమ్మా నాకు నంబరు ఇచ్చేదానికి? నాది రద్దయిందని ఫోన్లో వచ్చిండాది."

"ఆ ఫోన్లో వచ్చేది పంపేది మా ఆఫీసే నాయనా. తప్పు మాది. పొద్దున నీ వరస పదకొండు. ఇదో కాగితం, సూసుకో. పదకొండే నీది."

తప్పు మాది అనింది. రాత్రి దాకా వందసార్లు అన్నా ఒక్కసారి కూడా 'వాడిది' అనలేదని తూకం ఆయన నాతో అన్నాడు. ఆ 'వాడు' నేనేనని అప్పటికి ఆయనకు తెలియదు.

అమ్మను సత్యవేడు బస్సెక్కించి నేను చిత్తూరుకు పోయేసరికి పొద్దెక్కింది. ఆపా చిత్తూరులోని తమ్ముడింట్లో పడుకుని, మళ్లీ వచ్చి అదే కుర్చీలో కూర్చుని ఉంది. బాయిలర్ బాగయి లోడ్లు కదులుతున్నాయి. మొహం ఎండకు కమిలి ఉంది.

"మొక్కు తీరిందా తంబీ? అమ్మ నడిచిందా అన్ని మెట్లూ?"

"నడిచింది ఆపా."

"ఇట్ల రా."

రోడ్డు పక్కకు తీసుకుపోయింది. కాలువ గట్టు మీద ట్రాక్టరు లోడు మామిడికాయలు కుప్పగా పోసి ఉన్నాయి. ఐరాల వైపు రైతువట. పగలూ రాత్రీ వరసలోనే ఉండి కాయ మెత్తబడిపోతే లోపలికి తీసుకోలేదు. టోకెన్ రద్దయినప్పుడు ఆయన వరస తప్పి వెనక్కి పోయాడు. అట్టముక్క అందేలోగా ఆలస్యమైపోయింది. పుల్లటి, తియ్యటి వాసన వస్తోంది.

"ఆయన యాడుండాడు ఆపా?"

"పోయినాడు. ట్రాక్టరు బాడుగది, తిరిగి ఇయ్యాల గదా."

ఇద్దరం మళ్లీ గేటు దగ్గరికి నడిచాం.

ఆ సాయంత్రం తిరుపతి ఆఫీసులో నా కుర్చీ పక్కన స్టూలు వేసుకుని కూర్చుంది. ఒక్కో అంకె ఆమె చెబుతుంటే, కోడ్‌లోంచి తీసి బయటి ఫైల్లో పెట్టాను. ప్రతి లైను పక్కన ఎందుకో రాయించింది. ఈ కొత్త ఫైల్లో తెరిచే గుర్తులు, మూసే గుర్తులు లేవు. లైను ముందు ఎంత ఖాళీ వదిలామన్నదాన్ని బట్టే అర్థం ఉంటుంది. ఆపా స్కేలును నిలువుగా స్క్రీనుకు ఆనించి చూసుకుంది. మొత్తం పద్దెనిమిది లైన్లు. అరగంటలో అయిపోయింది.

"ఇంతేనా?" అనింది.

"ఇంతే ఆపా."

నా మొహం వైపు కాసేపు చూసి, కళ్లద్దాలు తీసి కొంగుతో తుడుచుకుంది.

ఆ సీజన్ అయ్యాక ఆమె పని మానేసింది. సారు వద్దన్నాడు. "పద్దెనిమిది లైన్లకు ఒక మనిషి ఎందుకు సార్? తంబీ సూసుకుంటాడు ఇప్పుడు," అనిందట. ఆ మాటలో ఎత్తిపొడుపు ఏమైనా ఉందా అని చాలా రోజులు వెతుక్కున్నాను. లేదు. నిజంగానే చూసుకుంటానని నమ్మింది. చూసుకున్నాను కూడా.

చిత్తూరులో తమ్ముడు పెట్టిన చిన్న ప్రింటింగ్ షాపులో కార్డులు కూర్చే పనికి కూర్చుంది. మూడేళ్ల తర్వాత నా పెళ్లికార్డు వేయించడానికి పోయాను. అమ్మాయి వాళ్ల ఊరి పేరులో ఒత్తు తప్పు రాసుకుపోతే ఎర్ర పెన్నుతో సున్నా చుట్టింది. ఇద్దరం నవ్వుకున్నాం. టీ తెప్పించింది.

"ఇప్పుడు ఏం వాడతాండారు తంబీ? మళ్లీ ఏమన్నా కొత్తది వచ్చినాదా?"

ఫ్రేమ్‌వర్క్ అదేనని, కాకపోతే అంకెలన్నీ ఇప్పుడు వేరే సర్వర్లో ఒకేచోట ఉంటాయని, ప్రోగ్రాములే అక్కడికి పోయి అడిగి తెచ్చుకుంటాయని చెప్పాను.

"ఆడ ఎందుకో రాసుంటారా?"

"రాస్తాం ఆపా."

"అందరూనా?"

"అందరూ కాదు."

తల ఊపింది. గ్లాసు వైపు చూస్తూ అనింది.

"నీకొకటి చెప్పాల తంబీ. ఆ పొద్దు గేటు కాడికి పోతా, బస్సులో కూసున్న్యాక, నాకు సంతోషం అయింది. నువ్వు చేసింది చెడింది గదా అని. నన్ను పక్కన పెట్టినోళ్లకు ఇప్పుడు తెలుస్తాదిలే అని. పాకాల దాటేదాకా అదే అనుకుంటా పోయినాను. గేటు కాడ దిగినాక ఆ కాయల వాసన ముక్కుకు తగిలింది. అప్పుడు సిగ్గయింది. ఆ రైతు లోడు పారబోస్తా ఉంటే, నేను కోరుకునింది ఇదేనా అనిపించింది. ఎవురికీ చెప్పలేదు. నీకు చెప్తాండాను."

బోర్డు మీద నేను చోటివ్వని ఫైలు సంగతి నాలుక మీదికి వచ్చింది. ఆ మాట ఆమెకు చెప్పడానికి అంతకంటే మంచి వేళ ఇంకొకటి రాదని ఆ క్షణంలోనే తెలుసు. నోరు తెరిచాను. "ఆపా..." అన్నాను. ఆమె తలెత్తి చూసింది. తొందర పెట్టలేదు.

"అట్లా అనుకోవద్దాపా. మనిషన్నాక అనిపిస్తాది," అన్నాను.

"అంతేలే," అనింది. కార్డు మీది మిగతా లైన్లు చదవడం మొదలుపెట్టింది.

ఆ తర్వాత పండగలకు ఫోన్లు చేసుకునేవాళ్లం. చిత్తూరు వైపు పనిమీద పోయినప్పుడల్లా ఈసారి చెప్పాలనుకునేవాడిని. రెండుసార్లు షాపు ముందు నుంచే వెళ్లిపోయాను.

ఫోన్ వచ్చిన మరుసటి రోజు వాళ్లింటికి పోయాను. తమ్ముడు ఎదురొచ్చి కూర్చోబెట్టాడు. కాసేపటికి ఎవరో పిలిస్తే బయటికి పోయాడు. ఆపా కూతురు టీ తెచ్చి ఎదురుగా కూర్చుంది. ముప్పై దాటిన మనిషి, నర్సుగా పనిచేస్తుంది. తల్లిలాగే కొంగు తలమీదికి లాక్కుంది.

"ఒకటి అడగనా అన్నా? అమ్మీ మీ ఆఫీసులో ఏం పని చేసేది? కంప్యూటర్ కంపెనీలో పని అని మా వాళ్లందరికీ గొప్పగా చెప్పుకున్న్యాది. కోడ్ రాసేది ఆమెకు రాదని మాకు తెలుసు."

చెప్పాను. ఫైలు ఏమిటో, స్కేలు ఎందుకో, అంకెల పక్కన ఏం రాసేదో, గేటు దగ్గర ఏం చేసిందో చెప్పాను. అక్కడ ఆపేయొచ్చు. ఆపలేదు. బోర్డు సంగతి కూడా చెప్పాను. ఆ ఫైలు పెట్టే దారి ఉందని తెలిసీ దాచానని, ఆపాను పక్కన పెట్టడానికే దాచానని, ఆమె చేతికి మళ్లీ ఎర్ర పెన్ను రాకూడదని చేశానని చెప్పాను. చెబుతున్నంతసేపూ ఆమె మొహం చూడలేకపోయాను.

"తెలుసన్నా," అనింది.

నేను తలెత్తాను.

"అమ్మీ చెప్పినాది. 'అరగంటలో అన్నీ బయటికి తీసి పెట్టినాడంటే, తీసే దారి మొదటే తెలుసుంటాది గదా,' అనింది."

"మరి నన్నెప్పుడూ అడగలేదే?"

"అడిగితే బాగుండదు అనింది. మీరు పెండ్లి కార్డుకు వచ్చి పోయినాక చెప్పినాది నాకు. 'ముందు నా తప్పు నేను చెప్పేస్తే ఆ తంబీకి కూడా చెప్పేదానికి వీలవుతాదేమోనని చెప్పి సూసినాను, నోరు తెరిచినాడు గానీ చెప్పలేకపోయినాడు, పాపం,' అనింది."

లోపల ఎవరో పిలిస్తే ఆమె లేచి పోయింది. గదిలో ఇంకెవరూ లేరు. చేతిలో టీ చల్లారిపోయింది. ఏ వైపు తిరిగి చెప్పాలో తెలియలేదు. కూర్చున్న చోటే, గొంతు పైకి వినబడేటట్టే అన్నాను.

"కావాలనే చేసినాను ఆపా."